ఎప్పటినుంచి నిద్రపోవడం లేదు?

పిల్లి రాత్రంతా ఇల్లు పీకి పందిరి వేస్తోందని ఎవరైనా చెబితే, మందేమిటని ఆలోచించే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎప్పటినుంచి? చిన్నప్పటినుంచీ అంతేనంటే దారి ఒకటి. పదేళ్లు హాయిగా పడుకున్న పిల్లి ఈ రెండు నెలలుగా నడిరాత్రి హాల్లో నిలబడి అరుస్తోందంటే దారి పూర్తిగా వేరు. మొదటిదాన్ని చాలావరకు ఇంట్లోనే సరిదిద్దుకోవచ్చు. రెండోదాన్ని డాక్టరుకు చూపించాలి, అదీ త్వరగా. మన ఇళ్లలో తరచూ జరిగేది దీనికి తలకిందులు. కుర్రపిల్లి అల్లరికి మందులు వెతుకుతారు, ముసలిపిల్లి అరుపును "వయసైపోయింది, ఏం చేస్తాం" అని వదిలేస్తారు. అలా వదిలేసిన పిల్లుల్లో చాలావాటికి ఉన్నవి మందున్న జబ్బులే. ఇదంతా రాయడానికి కారణం అదే.

ముందు మామూలు నిద్ర ఎలా ఉంటుందో చూద్దాం. పెద్ద పిల్లి రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. కూనలూ ముసలివీ ఇంకా ఎక్కువే పడుకుంటాయి. అయితే అది మనలా ఒక్క పట్టున పోయే నిద్ర కాదు. పగలూ రాత్రీ ముక్కలుముక్కలుగా సాగుతుంది, అందులో ఎక్కువ భాగం కోడికునుకే. కళ్లు మూసి ఉంటాయి, చెవులు మాత్రం వంటింట్లో గిన్నె చప్పుడు వైపు తిరుగుతూ ఉంటాయి. పిల్లిని రాత్రిపూట తిరిగే జంతువనుకుంటాం. నిజానికి వెలుగూ చీకటీ కలిసే రెండు వేళల్లోనే అది బాగా చురుగ్గా ఉంటుంది. ఇంటి పిల్లి ఆఫ్రికా అడవిపిల్లి సంతతి. దాని వేటకు అదను తెల్లవారుజాము, పొద్దుగూకే వేళ. కాబట్టి నాలుగున్నరకే లేచి మన మంచమెక్కే కుర్రపిల్లికి నిద్రలేమి ఉందనుకోనక్కర్లేదు. దాని రోజు అప్పటికే మొదలైంది.

గాఢనిద్రలోకి జారే పిల్లిని ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. ముందుకాళ్లు ముడుచుకుని కూర్చున్నది మెల్లగా పక్కకు ఒరుగుతుంది. మెడ బరువు వదిలేస్తుంది. కాసేపటికి రెప్పల కింద కనుగుడ్లు కదులుతాయి, మీసాలు అదురుతాయి, పాదాల వేళ్లు విచ్చుకుని మళ్లీ ముడుచుకుంటాయి. ఒక్కోసారి గొంతులోంచి చిన్న కూత వస్తుంది. ఇది కలల నిద్ర. ఈ దశలో మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుందనీ, ఒంట్లోని కండరాలు మాత్రం దాదాపు పూర్తిగా సడలిపోతాయనీ ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో మిషెల్ జువే 1959లో కనుక్కున్నది పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లోనే. తర్వాత మెదడు కాండంలో కండరాలను అలా కట్టిపడేసే చిన్న భాగాన్ని దెబ్బతీసి చూశారు. ఆ పిల్లులు నిద్రలోనే లేచి నిలబడి, ఎదురుగా ఏమీ లేకపోయినా వేటాడుతున్నట్టు ప్రవర్తించాయి. నిద్రలో కలకు తగ్గట్టు కాళ్లూ చేతులూ విసిరే జబ్బు మనుషుల్లోనూ ఉందని 1986లో అమెరికా డాక్టర్లు గుర్తించినప్పుడు, దాన్ని అర్థం చేసుకోవడానికి ఈ పరిశోధనే ఆసరా అయింది. నిద్ర గురించి మనిషికి తెలిసినదాంట్లో చాలా భాగం కోసం పిల్లులు ప్రాణాలు పోగొట్టుకున్నాయి. వాటి నిద్రను మనం పట్టించుకోవాలని అడగడం పెద్ద కోరికేమీ కాదని నా నమ్మకం.

కలలో కాళ్లు అదిరితే భయపడక్కర్లేదు, తట్టి లేపనూ అక్కర్లేదు. మూర్ఛ వేరుగా ఉంటుంది. ఒళ్లంతా కొయ్యబారుతుంది, నోట్లోంచి చొంగ కారుతుంది, మూత్రం పోవచ్చు, పిలిచినా తెలివి రాదు, తేరుకున్నాక కూడా కొంతసేపు దిక్కుతోచనట్టు తిరుగుతుంది. అలా జరిగితే తేదీ, సమయం రాసిపెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక కుర్రపిల్లుల సంగతి. అపార్ట్‌మెంట్‌లో ఉండే పిల్లి పగలంతా ఏం చేస్తుంది? ఇంట్లోవాళ్లు ఆఫీసుకూ బడికీ వెళ్లిపోతే పడుకుంటుంది, ఎందుకంటే వేరే పనేమీ లేదు. సాయంత్రం అందరూ వస్తారు, అన్నాలు తింటారు, టీవీ చూస్తారు, పదకొండుకు దీపాలార్పుతారు. పిల్లికి పగలు ఖర్చుకాని శక్తి అంతా అలాగే ఉంటుంది. తెల్లవారుజామున అది ఒకసారి అరుస్తుంది, ఎవరూ లేవరు. మళ్లీ అరుస్తుంది, తలగడ పక్కనున్న గ్లాసు తోసేస్తుంది. అరగంట భరించి, ఇక ఓపిక లేక ఎవరో ఒకరు లేచి గిన్నెలో నాలుగు గింజలు పోస్తారు. దాంతో పిల్లికి పాఠం వచ్చేసింది: అరగంట అరిస్తే తిండి వస్తుంది. ఒకరోజు లేచి, రెండ్రోజులు లేవకుండా ఉంటే పరిస్థితి ఇంకా ముదురుతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఫలితం దక్కే ప్రయత్నాన్ని ఏ జంతువూ సులువుగా మానుకోదు. ఎప్పుడూ దక్కేదానికంటే అదే గట్టిగా పాతుకుంటుంది.

దీన్ని విప్పడానికి రెండు పనులు కలిపి చేయాలి. మొదటిది సాయంత్రం ఆట. పిల్లి శరీరానికి ఒక వరస ఉంది: వేటాడటం, తినడం, ఒళ్లు నాక్కుని శుభ్రం చేసుకోవడం, పడుకోవడం. పడుకునే ముందు పది పదిహేను నిమిషాలు కర్రకు కట్టిన ఈకల బొమ్మతో ఆడించండి. నేలమీద ఆగి ఆగి పాకించండి, సోఫా వెనక దాచండి, చివర్లో దాన్ని పట్టుకోనివ్వండి. లేజర్ చుక్క వెంట పరుగెత్తించేవాళ్లు ఆఖర్లో ఆ చుక్కను ఏదో ఒక బొమ్మ మీదికి తెచ్చి ఆపాలి. ఎంత వెంటాడినా చేతికేమీ చిక్కని వేట పిల్లిని అలిసిపోనివ్వదు, ఇంకా రేపుతుంది. ఆట అయిన వెంటనే రోజులో పెద్ద భోజనం పెట్టండి. ఆట అయ్యాక దారాలు, రబ్బరుబ్యాండ్లు, ఊలు ఉండలు బీరువాలో పెట్టేయాలి. మింగితే పేగులు మడతలు పడి కోసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది, తెల్లవారుజామున అస్సలు స్పందించకపోవడం. కోప్పడటం కూడా స్పందనే. ఇక్కడ చాలామందికి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. పట్టించుకోవడం మానేసిన మొదటి రోజుల్లో అరుపు తగ్గదు, పెరుగుతుంది. ఇదివరకు పనిచేసిన ఉపాయం పనిచేయడం లేదు కాబట్టి పిల్లి ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. చాలామంది ఓడిపోయేది సరిగ్గా అక్కడే. అప్పుడు లేస్తే, ఇంతకింత అరవాలని నేర్పినట్టవుతుంది. ఇంట్లో అందరూ ఒకే మాట మీద నిలబడాలి. నాన్న లేవకుండా నానమ్మ లేచి పెడితే లాభం లేదు. వీలైతే సమయానికి తెరుచుకునే గిన్నె ఒకటి కొనండి. పిల్లి అరిచే వేళకు కాస్త ముందే అది తెరుచుకునేలా పెడితే తిండి కోసం పిల్లి ఆ గిన్నె వైపు చూస్తుంది, మన మంచం వైపు కాదు. ఆపైన రెండు మూడు రోజులకోసారి పది నిమిషాల చొప్పున ఆ సమయాన్ని ఆలస్యం చేసుకుంటూ పోవచ్చు. అలాంటి గిన్నె లేని ఇంట్లో, మీరు లేవగానే గిన్నె నింపకుండా ముందు పాలు కాచుకోండి, వాకిలి ఊడ్చుకోండి, ఆ తర్వాతే పెట్టండి. మీ మెలకువకూ దాని తిండికీ ఉన్న ముడి కొన్ని వారాల్లో వీడుతుంది.

తిండి మాట వచ్చింది కాబట్టి మన ఇళ్ల అలవాటు గురించి చెప్పక తప్పదు. పాలన్నం, పెరుగన్నం పెట్టి పెంచే పిల్లులు తెలుగునాట ఇప్పటికీ బోలెడు. ప్రేమతోనే పెడతారు, అందులో సందేహం లేదు. కానీ పిల్లి మాంసం మీద మాత్రమే బతకగల జంతువు. అన్నంతో కడుపు నిండినట్టుంటుంది, ఆకలి మాత్రం తీరదు. ఆ పిల్లి రాత్రంతా వంటిల్లు వెతుకుతుంది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది టారిన్ అనే పోషకం. అది మాంసంలో, చేపలో దొరుకుతుంది, పిల్లి శరీరం దాన్ని సరిపడా తయారుచేసుకోలేదు. అది లేక కంటి తెర దెబ్బతింటుందని 1975లో, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో శాస్త్రవేత్తలు రుజువు చేశారు. మీ ఇంట్లో మాంసం వండరంటే ఆ నియమాన్ని గౌరవిస్తాను. అప్పుడు పిల్లి కోసం తయారైన సంపూర్ణ ఆహారం బయట కొనండి. కుక్కల గింజలు దానికి బదులు కావు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడపిల్లి విషయంలో పరిష్కారం సూటిగానే ఉంది. ఎదకొచ్చినప్పుడు అది నేలమీద దొర్లుతూ, వెనకభాగం పైకెత్తి, ఏదో భయంకరమైన నొప్పితో ఉన్నట్టు రాత్రంతా అరుస్తుంది. పగటి వెలుగు ఎక్కువగా ఉండే మన ప్రాంతాల్లో గండుపిల్లితో కలవకపోతే రెండు మూడు వారాలకోసారి ఇదే తిరిగొస్తుంది. గండుపిల్లులైతే వాసన పట్టి గోడలు దూకుతాయి, గోడల మీద మూత్రం చిమ్ముతాయి. అయిదు నెలల వయసు నిండేలోపు ఆపరేషన్ చేయిస్తే ఈ గొడవే ఉండదు. "ఒక్క ఈతైనా ఈననివ్వాలి" అనే మాటకు ఆధారం లేదు.

ఒక్క లక్షణం మాత్రం వయసుతో పనిలేకుండా ఎమర్జెన్సీ. మగపిల్లి రాత్రిపూట పదేపదే లిట్టర్ ట్రేలోకి వెళ్లి, వంగి కూర్చుని, మూలుగుతూ, చుక్క మూత్రం రాకుండా బయటికొస్తోందంటే దాని మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. మలబద్ధకమనుకుని తెల్లవారేదాకా ఆగకండి. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

ఇక ముసలిపిల్లులు. ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నాను.

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. తాను వేటాడే జంతువే అయినా, ప్రకృతిలో తనకంటే పెద్దవాటికి ఆహారం కూడా. బలహీనత బయటపెట్టడం దానికి ప్రమాదం. అందుకే జబ్బు ముందుగా కుంటుతనంగానో ఏడుపుగానో కనిపించదు, దినచర్యలో మార్పుగా కనిపిస్తుంది. చాలాసార్లు నిద్రే ముందు మారుతుంది.

పదేళ్లు దాటిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోతూ, రాత్రి నిలకడ లేకుండా తిరుగుతూ, అరుస్తూ, మధ్యమధ్య వాంతి చేసుకుంటోందంటే ముందు అనుమానించాల్సింది థైరాయిడ్ గ్రంథిని. పిల్లుల్లో ఈ జబ్బును న్యూయార్క్‌లో 1979లో తొలిసారి వర్ణించారు. సాధారణంగా మెడలోని ఆ గ్రంథిలో ప్రమాదంలేని గడ్డ పెరిగి హార్మోన్ ఎక్కువైపోతుంది. గుండె పరుగెడుతుంది, ఒళ్లు విశ్రాంతి మరిచిపోతుంది. చూసేవాళ్లకు "ఈ వయసులోనూ ఎంత హుషారో" అనిపించడం ఇందులోని విషాదం. టీ4 అనే రక్తపరీక్షతో చాలావరకు తెలిసిపోతుంది, మెతిమజోల్ లేదా కార్బిమజోల్ మాత్రలతో అదుపులోకి వస్తుంది. కొన్ని దేశాల్లో రేడియో అయోడిన్‌తో పూర్తిగా నయం చేస్తున్నారు. మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు మళ్లీ రక్తపరీక్ష తప్పనిసరి, అప్పుడే కిడ్నీలను కూడా చూడాలి. థైరాయిడ్ ఉద్ధృతి రక్తప్రసరణను పెంచి కిడ్నీ లోపాన్ని కప్పి ఉంచుతుంది, అది తగ్గాక అసలు సంగతి బయటపడుతుంది.

రాత్రి అరుపుకు ఇంకో కారణం బీపీ. పిల్లులకు బీపీ ఉంటుందన్న సంగతే చాలామందికి కొత్త. తరచూ కిడ్నీ జబ్బుతోనో థైరాయిడ్‌తోనో కలిసి వస్తుంది. చిన్న పట్టీని ముందుకాలికో తోకకో చుట్టి కొలుస్తారు. పై అంకె 160 దాటి నిలకడగా ఉంటే వైద్యం అవసరం. పట్టించుకోకపోతే ఒకరోజు కంటి తెర ఊడి హఠాత్తుగా చూపు పోతుంది. పిల్లి గోడలకు తగులుకుంటూ నడుస్తుంటే, కనుపాపలు పెద్దవై వెలుగుకు చిన్నవి కాకపోతే, ఆ రోజే తీసుకెళ్లాలి. ఆమ్లోడిపిన్ బాగా పనిచేస్తుంది. మనుషులు వాడేదీ అదే మందు. కానీ మోతాదు డాక్టరే చెప్పాలి, మన మాత్ర విరిచి వేయకూడదు.

కీళ్ల అరుగుదల సంగతి ఇంకా కనపడదు. 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను అమెరికాలో పరిశీలించి 2002లో ప్రచురించారు. 90 పిల్లుల్లో కీళ్లో వెన్నెముకో అరిగిన ఆనవాళ్లున్నాయి. వాటిలో కుంటేవి కొద్దే. మీ పిల్లి సోఫా ఎక్కేటప్పుడు గమనించండి. ఇదివరకు ఒక్క దూకులో ఎక్కేది ఇప్పుడు సోఫా ముందు ఆగుతుంది, పైకి చూస్తుంది, ముందుకాళ్లు రెండూ అంచుమీద వేసి, ఒక్క క్షణం తటపటాయించి, వెనకభాగాన్ని లాక్కుంటుంది. నడుం దగ్గర బొచ్చు జడలు కట్టి ఉంటుంది, ఎందుకంటే అంత వెనక్కి తిరిగి నాక్కోలేదు. పడుకున్న చోట మళ్లీమళ్లీ లేచి తిరిగి పడుకుంటుంది. ఇలాంటి పిల్లికి దళసరి బొంత, ఎక్కడానికి చిన్న పీట, అంచు తక్కువ ఉన్న ట్రే వెంటనే హాయినిస్తాయి. నొప్పికి డాక్టరిచ్చే మందులున్నాయి.

వీటన్నిటినీ చూసి, పరీక్షించి, ఏదీ కాదని తేలాకే మతి తప్పడం గురించి ఆలోచించాలి. పిల్లులకూ అది వస్తుంది. 11 నుంచి 14 ఏళ్ల పిల్లుల్లో 28 శాతానికి, 15 దాటినవాటిలో సగానికి వయసుతో వచ్చే ప్రవర్తన మార్పు కనీసం ఒకటైనా ఉన్నట్టు పరిశీలనల్లో తేలింది. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే ప్రోటీనే ముసలిపిల్లుల మెదడులోనూ కనిపించింది. అలాంటి పిల్లి మూలన గోడవైపు చూస్తూ నిలబడిపోతుంది, ఇప్పుడే తిన్న సంగతి మరిచి గిన్నె దగ్గరికొస్తుంది, రాత్రి తానెక్కడున్నదీ తెలియక పిలుస్తుంది. దీన్ని వెనక్కి తిప్పే మందు లేదు. అయినా చేయగలిగింది చాలా ఉంది. సామాను తరచూ జరపకండి. హాల్లో చిన్న రాత్రిదీపం వెలిగించి ఉంచండి. గిన్నె, నీళ్లు, ట్రే అది పడుకునే గదిలోనే పెట్టండి. రాత్రి పిలిస్తే కుర్రపిల్లిని వదిలేసినట్టు దీన్ని వదిలేయకండి. అది పాఠం నేర్చుకుని అరవడం లేదు, దారి తప్పి పిలుస్తోంది. లేచి వెళ్లి ఒకసారి నిమరండి. మరీ నిద్ర పట్టనివాటికి డాక్టర్లు గాబాపెంటిన్ లాంటివి ఇస్తారు.

మందుల పేర్లు చెప్పాను కాబట్టి హెచ్చరికా చెప్పాలి. పారాసిటమాల్ పిల్లికి విషం. ఆ మందును విషం కాకుండా మార్చి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. ఒక్క మాత్ర చాలు: చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం ఉబ్బుతుంది, ఊపిరి అందదు. ఐబూప్రొఫెన్ కూడా విషమే. నిద్ర మాత్ర అసలే వద్దు. కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ పేల మందు పిల్లి మెడమీద పోస్తే మూర్ఛలు వస్తాయి.

ఎక్కువ నిద్ర గురించి కూడా ఒక మాట. నిద్రపోవడం వేరు, నీరసంగా పడి ఉండటం వేరు. నిద్రపోయే పిల్లి గిన్నె చప్పుడుకు లేస్తుంది, ఒళ్లు విరుచుకుంటుంది, నాక్కుంటుంది. నీరసపడిన పిల్లి మంచం కిందో బీరువా వెనకో దూరి, పిలిచినా కళ్లు మాత్రమే తిప్పుతుంది. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి. తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా లావుపాటిదానికి, కాలేయంలో కొవ్వు చేరి కొన్ని రోజుల్లోనే ప్రమాదమవుతుంది.

ఇంట్లో ఎవరైనా చేయగల పరీక్ష ఒకటుంది. పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు, మీసాలు అదరని సమయం చూసి, పక్కటెముకల మీద చూపు నిలపండి. ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. ఫోన్లో 30 సెకన్లు పెట్టుకుని లెక్కించి రెండుతో హెచ్చవేయండి. నిమిషానికి 30 లోపు ఉంటే మామూలే. రెండు మూడు సార్లు చూసినా 30 దాటుతుంటే గుండె జబ్బు వల్ల ఊపిరితిత్తుల్లోనో వాటి చుట్టూనో నీరు చేరుతోందని అనుమానించాలి. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే లెక్కలు ఆపి బయల్దేరండి.

డాక్టరు గదిలో పిల్లి బిగుసుకుని కూర్చుంటుంది, రాత్రి చేసిందేదీ అక్కడ చేయదు. అందుకే ఫోన్లో తీసిన వీడియో మీ మాటల కంటే ఎక్కువ చెబుతుంది: అరుపు ఒకటి, సోఫా ఎక్కడం ఒకటి, నడక ఒకటి. పిల్లులను తరచూ చూసే డాక్టరు మీ ఊళ్లో లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. పదేళ్లు దాటినదానికి ఏ తేడా కనిపించకపోయినా ఆరు నెలలకోసారి బీపీ, రక్తం, మూత్రం పరీక్ష చేయించడం మంచిది. బరువు మాత్రం నెలనెలా ఇంట్లోనే చూడొచ్చు. పిల్లిని ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి మిషనెక్కి తేడా తీసి క్యాలెండర్ మీద రాయండి. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే పదో వంతు పోయినట్టు. చేతికి తెలియని ఆ తగ్గుదల అంకెల్లో కనిపిస్తుంది. అది కనిపించిన నెలలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.